సీటు కింద చిన్న పిన్ను

విమానం కూలిందంటే ఇంజను ఆగిపోయిందేమో, రెక్క విరిగిందేమో అనుకుంటాం. పైలటు కూర్చున్న సీటు నాలుగు అంగుళాలు వెనక్కు జరిగినా విమానం కూలవచ్చునంటే నమ్ముతారా? అలాంటి ప్రమాదాలు నిజంగానే జరిగాయి. కారణం, వేలెడంత కూడా లేని ఒక పిన్ను, అది దూరే రంధ్రం.

అమెరికాలోని సెస్నా కంపెనీ 1956లో '172' అనే నాలుగు సీట్ల చిన్న విమానాన్ని అమ్మకానికి తెచ్చింది. ఇప్పటికి 44,000కు పైగా తయారయ్యాయి. మరే రకం విమానమూ ఇన్ని తయారు కాలేదు. 1986లో తయారీ ఆగి, మళ్ళీ 1996లో మొదలైంది. కాబట్టి నేడు ఎగురుతున్న వాటిలో చాలా భాగం నలభై, యాభై ఏళ్ళ నాటివే. అన్నేళ్ళలో ఇంజను ఒక్కటే కాదు, లోపలి చిన్న చిన్న భాగాలు కూడా అరుగుతాయి.

సీటు ఎలా నిలుస్తుంది?

పొట్టివాళ్ళూ పొడుగువాళ్ళూ కూడా నడపాలి కదా! అందుకే సీటు ముందుకూ వెనక్కూ జరిగేలా నేలకు రెండు పట్టాలు బిగిస్తారు. పట్టాలో వరుసగా రంధ్రాలుంటాయి. మీట ఎత్తితే పిన్ను పైకి లేస్తుంది, సీటు జరుగుతుంది. మీట వదిలితే స్ప్రింగు పిన్నును రంధ్రంలోకి నెడుతుంది. తలుపు గడియ పనిచేసేదీ ఇలాగే.

పిన్ను ఉక్కుది, పట్టా అల్యూమినియంది. అల్యూమినియం మెత్తన. ఇంజను అదురుకూ, దిగేటప్పటి కుదుపులకూ పిన్ను రంధ్రపు అంచును ఒరుసుకుంటూ ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గుండ్రని రంధ్రం కోలగా సాగుతుంది. బూట్ల మట్టి కూడా అందులో చేరితే పిన్ను పూర్తిగా దిగదు.

జడత్వం చేసే పని

విమానం నేల విడిచే సమయంలో త్వరణం ఎక్కువ. జడత్వం వల్ల పైలటు శరీరం వెనకబడి, సీటును వెనక్కు నొక్కుతుంది. ముక్కు పైకి లేచాక పట్టా కూడా ఏటవాలవుతుంది. సరిగా దిగని పిన్ను అప్పుడే జారుతుంది. సీటు వెనక్కు పోతుంటే పైలటు ఏం చేస్తాడు? చేతిలో ఉన్నదాన్ని గట్టిగా పట్టుకుంటాడు. ఆ చేతిలో ఉన్నది విమానాన్ని నడిపే చక్రం! దాన్ని వెనక్కు లాగితే ముక్కు ఇంకా పైకి లేస్తుంది.

రెక్కకూ ఎదురుగాలికీ మధ్య కోణం సుమారు 15, 16 డిగ్రీలు దాటితే, రెక్క పైభాగాన్ని అంటుకుని పోవలసిన గాలి విడివడి సుడులు తిరుగుతుంది. ఎత్తే బలం ఒక్కసారిగా తగ్గిపోతుంది. దీన్నే 'స్టాల్' అంటారు. బాగా ఎత్తున ఉంటే ముక్కు దించి తేరుకోవచ్చు. నేలకు దగ్గరలో ఆ అవకాశం ఉండదు.

కొలిచి మార్చాలి

అందుకే అమెరికా విమానయాన శాఖ 1987లో ఈ పట్టాల తనిఖీని తప్పనిసరి చేసింది. 2011లో ఆ ఆజ్ఞను సవరించింది. రంధ్రం అడ్డుకొలత 0.42 అంగుళం, అంటే సుమారు 10.7 మిల్లీమీటర్లు దాటితే పట్టా మార్చాలి. పిన్ను కనీసం 0.15 అంగుళం, అంటే సుమారు 3.8 మిల్లీమీటర్ల లోతు దిగాలి. సీటు జారితే పట్టి ఆపే రెండో బెల్టు కూడా వచ్చింది.

పిన్నే కదా అని బజారులో దొరికే ఉక్కు ముక్క పెడితే కుదరదు. మెత్తనిదైతే వంగుతుంది, మరీ గట్టిదైతే రంధ్రాన్ని త్వరగా తినేస్తుంది. ఆమోదం పొందిన భాగాన్నే వాడాలి. అర్హత గల మెకానిక్కు పని చూసి, విమానం రికార్డు పుస్తకంలో రాసి సంతకం చేయాలి.

మిగతా చిన్న భాగాలకూ ఇలాంటి కారణాలే ఉన్నాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు లోపలి ప్లాస్టిక్కు పలకలు పెళుసెక్కి పగులుతాయి. కొత్త పలక సులభంగా మంట అంటుకోనిదై ఉండాలి. ఊడిపోయిన స్క్రూకు బదులు కొత్తది బిగిస్తే చాలదు. పాతది ఎక్కడ పడిందో వెతకాలి. నేల కింద తీగల్లో, కప్పీల్లో ఇరుక్కుంటే విమానం పైలటు మాట వినదు!

ఇంజను వేయక ముందు పైలటు సీటును ముందుకూ వెనక్కూ ఊపి చూసుకుంటాడు. దానికి నిమిషం కూడా పట్టదు.

మీరూ ఒక పరిశీలన చేయండి. మీ ఇంట్లో పాత తలుపు గడియ దూరే రంధ్రం చూడండి. అది ఏ వైపు ఎక్కువ అరిగింది? ఎందుకు?