ఊరూ పేరూ గల నాణెము

ఓరుగల్లు కోటను చూచివచ్చిన విద్యార్థికి శిలాతోరణములపైననే కాక పాత నాణెములపైనను మక్కువ పుట్టుట సహజము. అవ్వ పెట్టెలోని నైజాముకాలపు రాగినాణెముతో మొదలైన వేడుక క్రమముగా అభిరుచియై, అతనిని సేకరణకర్తల గోష్ఠికి చేర్చును. మొదటి చిక్కు అక్కడనే ఎదురగును. తలనెరసిన పెద్దలు కూర్చున్నచోట నిన్న వచ్చినవాని మాటకు విలువ ఎట్లు కలుగును? డబ్బాలో ఎన్ని నాణెములున్నవో చెప్పినంత మాత్రమున గౌరవము లభించునా?

ఈ ప్రశ్నకు సమాధానము వరంగల్లునకు ఉత్తరమున, గోదావరి యొడ్డున దొరకును. పెద్దవాగు గోదావరిలో కలియుచోట కోటిలింగాల యను గ్రామము కలదు. నేడది జగిత్యాల జిల్లాలోనిది. ధర్మపురి వాస్తవ్యులు సంగనభట్ల నరహరిశర్మగారు అచ్చటి మట్టిలో లభించిన నాణెములను ఓపికతో కూర్చిరి. ఆయన పురావస్తుశాఖకు వెలుపలివారు. అయినను ఆ నాణెములను దాచుకొనక, శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారికి అందజేసిరి. ఓరుగల్లు కాకతీయులపై 1978లో ప్రామాణిక గ్రంథమును వెలువరించిన పండితులు వీరే.

నాణెములపై నున్నది బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. శాస్త్రిగారు ఆ యక్షరములను చదువగా గోభద, నారన, సమగోప మున్నగు అజ్ఞాత రాజుల పేర్లు వెలువడినవి. వానితోపాటు శాతవాహన వంశ మూలపురుషుడగు సిముకుని పేరును కనబడినది. సిముకుని పేరు గల శాసనము ఎక్కడనో మహారాష్ట్రలోని నానాఘాట్ కనుమలో నుండగా, అతని నాణెములు గోదావరీతీరమున దొరకుటచే శాతవాహనుల ఆరంభము తెలంగాణముననే యను వాదమునకు బలము చేకూరినది. దానిని అంగీకరింపని చరిత్రకారులును కలరు. 1979–1983 సంవత్సరముల నడుమ పురావస్తుశాఖ కోటిలింగాలలో త్రవ్వకములు జరిపినది.

ఇంత చర్చకు మూలమైనది నాణెములోని లోహము కాదు. అది దొరకిన తావు. ఆ నాణెములే కంచరి కొలిమిలో కరగిపోయినను, ఊరు తెలియక సంతలో చేతులు మారినను, చరిత్రలో ఒక అధ్యాయమే లేకపోయెడిది. ఊరు తెలియని నాణెము సాక్ష్యము చెప్పలేదు.

క్రొత్తగా వచ్చినవాడు నేర్వవలసిన పాఠ మిదియే. విలువైన నాణెములు కొనుటకు ధనము కావలెను, లిపి చదువుటకు ఏండ్ల శిక్షణ కావలెను. ఉన్నది ఉన్నట్లు వ్రాయుటకు మాత్రము ఒక నోటుపుస్తకము చాలును. నాణెము తూకము, కొలత, ఇరుప్రక్కల గుర్తులు, అది ఎవరి ద్వారా, ఏ యూరినుండి, ఏనాడు వచ్చినదో అందు వ్రాయవలెను. తెలియనిచోట ‘తెలియదు’ అని వ్రాయుట చిన్నతనము కాదు. ఒక్కసారి ఊహించి వ్రాసినట్లు బయటపడినచో, తక్కిన పుట లన్నియు అనుమానాస్పదము లగును.

మెరుగుకై రాగినాణెమును చింతపండుతో తోముట మరొక పొరపాటు. ఏండ్ల తరబడి ఏర్పడిన పైపొరతోపాటు సన్నని యక్షరములును చెరగిపోవును. అచ్చులో పోసిన నకిలీల అంచున అతుకుగీత కనబడవచ్చును. అట్టిది తన డబ్బాలోనే యున్నదని తెలిసినపుడు దానిని దాచక పదిమందికి చూపువాని మాటను మరునాటినుండి పెద్దలు శ్రద్ధతో విందురు. చట్టమును ఎరిగియుండుటయు అవసరము. భూమిలో దాగి, పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది.

ఉపాధ్యాయులు తలచినచో ఈ శిక్షణ తరగతిగదిలోనే ఆరంభము కాగలదు. పిల్లవాడు తెచ్చిన పాత నాణెమును చూచి ‘దీని వెల ఎంత?’ అని అడుగుటకు మారుగా, ‘ఇది ఎక్కడిది? నీకెట్లు తెలిసినది?’ అని అడిగిన చాలును. ఆ రెండు ప్రశ్నలకు నిజము చెప్ప నేర్చినవాడు ఏ గోష్ఠికి పోయినను క్రొత్తవాడుగా ఎంతోకాలము మిగిలిపోడు.