పిల్లల కాళ్ల వంకర: ఏది సహజం, ఏది జబ్బు

పుట్టిన బిడ్డ కాళ్లు తిన్నగా ఉండవు. కడుపులో నెలల తరబడి ముడుచుకుని ఉన్న కాళ్లు పుట్టాక కూడా కొంతకాలం విల్లులా బయటికి వంగి ఉంటాయి. మడమలు కలిపితే మోకాళ్ల మధ్య సందు కనిపిస్తుంది. ఇవే దొడ్డికాళ్లు. బిడ్డ అడుగులు వేయడం మొదలుపెట్టాక ఈ వంపు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య కాళ్లు తిన్నబడతాయి. మార్పు అక్కడితో ఆగదు. మూడు నాలుగేళ్లకు వంపు ఎదురు దిక్కుకు తిరుగుతుంది. ఇప్పుడు మోకాళ్లు ఒకదానికొకటి తగులుతాయి, మడమలు ఎడంగా ఉంటాయి. వైద్యులు దీన్ని నాక్ నీస్ అంటారు. ఏడేళ్లు నిండేసరికి కాళ్లు పెద్దల కాళ్ల తీరుకు వస్తాయి. ఫిన్లండ్ వైద్యులు సలేనియస్, వాంకా వందలాది పిల్లల ఎక్స్‌రేలు కొలిచి 1975లో ఈ క్రమాన్ని ప్రచురించారు. పిల్లల ఎముకల వైద్యులు నేటికీ ఆ లెక్కనే ఆధారంగా తీసుకుంటారు.

అందుకే వంకర కాళ్లతో వచ్చిన పిల్లల విషయంలో ముందుగా చూడవలసింది వయసు. ఏడాది బిడ్డకు దొడ్డికాళ్లు, నాలుగేళ్ల బిడ్డకు నాక్ నీస్ ఉండటం ఎదుగుదలలో భాగం. రెండు కాళ్లూ ఒకే తీరున వంగి ఉండి, నొప్పి లేక, ఎత్తు వయసుకు తగ్గట్టు పెరుగుతుంటే మందు అక్కర లేదు. నూనె మర్దన వల్ల కాళ్లు తిన్నబడవు, ప్రత్యేకమైన బూట్ల వల్లా తిన్నబడవు. మర్దన చేసిన నెలల్లోనే కాళ్లు వాటంతట అవే సర్దుకుంటాయి గనుక ఆ పేరు మర్దనకు దక్కుతుంది.

అనుమానించవలసిన గుర్తులు వేరే ఉన్నాయి. ఒక కాలు మాత్రమే వంగడం, మూడేళ్లు దాటినా దొడ్డికాళ్లు పోకపోవడం, ఎనిమిదేళ్లు వచ్చినా నాక్ నీస్ తగ్గకపోవడం, వంపు నెలనెలా పెరగడం, బిడ్డ తోటి పిల్లల కంటే పొట్టిగా ఉండటం, నొప్పి, కుంటు. ఇంట్లోనే ఒక కొలత తీసుకోవచ్చు. మోకాళ్లు ఆనించి నిలబెట్టినప్పుడు రెండు చీలమండల మధ్య దూరం 8 సెంటీమీటర్లు, అంటే సుమారు నాలుగు వేళ్ల వెడల్పు, దాటితే వైద్యుడికి చూపించాలి.

ఎముక ఎందుకు వంగుతుంది?

పిల్లల ఎముక పొడవు పెరిగేది రెండు చివర్లలో ఉండే మృదులాస్థి పొర దగ్గర. ఆ పొరలో కొత్త కణాలు పుడుతుంటాయి. వాటి చుట్టూ కాల్షియం, భాస్వరం లవణాలు చేరి గట్టిపడితే అది ఎముక అవుతుంది. లవణాలు చాలకపోతే పొర మెత్తగానే మిగిలి, ఒంటి బరువుకు ఒక పక్కకు ఒరుగుతుంది. ఏ పక్కకు ఒరుగుతుందన్నది జబ్బు వచ్చిన వయసును బట్టి ఉంటుంది. తప్పటడుగుల వయసులో వస్తే అప్పటికే ఉన్న దొడ్డికాళ్లు ఇంకా వంగుతాయి. నాలుగైదేళ్ల తర్వాత వస్తే నాక్ నీస్ ముదురుతుంది.

ఇలా ఎముక మెత్తబడే జబ్బుల్లో అందరికీ తెలిసింది రికెట్స్. డి విటమిన్, కాల్షియంలలో ఒకటి గానీ రెండూ గానీ చాలకపోవడం దీనికి ముఖ్య కారణం. మణికట్లు లావెక్కుతాయి. పక్కటెముకల చివర్లు పూసల దండలా చేతికి తగులుతాయి. నుదురు ముందుకు పొడుచుకొస్తుంది. మాడు పూడటం, పళ్లు రావడం, నడక అన్నీ ఆలస్యమవుతాయి. మణికట్టు ఎక్స్‌రే, రక్త పరీక్షలతో జబ్బు నిర్ధారణ అవుతుంది.

ఎండ పుష్కలంగా ఉన్న నేల మీద డి విటమిన్ లోపం ఏమిటన్న ప్రశ్న సహజం. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన పరిశీలనల్లో పల్లెల్లోనూ, పట్నాల్లోనూ ఈ లోపం బయటపడింది. తిండిలో కాల్షియం తక్కువగా ఉండటం కూడా వాటిలో తేలింది. చర్మంలో డి విటమిన్ తయారీకి కావలసిన అతినీలలోహిత కిరణాలు ఉదయం పదకొండు, మధ్యాహ్నం రెండు గంటల నడుమ బాగా అందుతాయి. ఏడు గంటల లేత ఎండలో అవి చాలా తక్కువ. కిటికీ అద్దం వాటిని ఆపేస్తుంది, గాలిలోని దుమ్మూ పొగా తగ్గిస్తాయి. తెలంగాణలోని మంచిర్యాల, గోదావరిఖని వంటి బొగ్గుబెల్ట్ ఊళ్లలో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం పిల్లల్ని బయటికి పంపలేని వేడి ఉంటుంది. మిగతా నెలల్లో ఆ వేళకు పిల్లలు తరగతి గదిలో ఉంటారు. బడి మధ్యాహ్న విరామంలో కాసేపు ఆరుబయట ఆట ఈ లోటును కొంత పూడుస్తుంది. పాలు తాగే బిడ్డకు మొదటి ఏడాది రోజూ 400 యూనిట్ల డి విటమిన్ చుక్కలు వేయాలని భారత పిల్లల వైద్యుల సంఘం సూచిస్తోంది.

కాల్షియం లెక్క కూడా తెలుసుకోవలసిందే. జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ల బిడ్డకు రోజుకు 550 మిల్లీగ్రాములు, పది నుంచి పన్నెండేళ్ల వారికి 850, పదమూడు నుంచి పదిహేనేళ్ల వారికి 1000 మిల్లీగ్రాములు కావాలి. 100 గ్రాముల ఆవుపాలలో సుమారు 120 మిల్లీగ్రాములు ఉంటే, అంతే బరువు తైదల్లో, అంటే రాగుల్లో, సుమారు 350 ఉంటాయి. నువ్వుల్లో 1000 దాటుతుంది. అయితే ధాన్యాల్లోని ఫైటేట్ అనే పదార్థం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం దాన్ని తగ్గిస్తాయి. ఆ లెక్కన రాత్రి పులియబెట్టి పొద్దున కాచే తైద అంబలి మంచి పద్ధతి. పాలు లేకుండా అన్నం, చారుతోనే ఈ లెక్క పూరించడం కష్టం.

నీళ్లు వంచిన కాళ్లు

తెలుగు నేలపై పిల్లల కాళ్లు వంకరపోవడానికి తిండితో పాటు నీళ్లు కూడా కారణమయ్యాయి. తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పట్లో మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఉండేవి. అక్కడి ప్రజల పళ్ల మీది గారకు, బిగుసుకుపోయిన వెన్నులకు తాగునీటిలోని ఫ్లోరైడే మూలమని వైద్య పరిశోధకుడు షార్ట్, ఆయన సహచరులు 1937లో ప్రకటించారు. నల్గొండ జిల్లాలోని ఈ జబ్బు, అంటే ఫ్లోరోసిస్, గురించి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. ఈ వర్ణనల్లో ప్రధానంగా కనిపించేది నడుము, మెడ బిగుసుకుపోయిన పెద్దవాళ్లు.

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో రాసింది మరో రూపం గురించి. ఫ్లోరైడ్ ఊళ్లలోని పిల్లలు, కౌమారంలో ఉన్నవారు మోకాళ్లు రాసుకునేంతగా కాళ్లు వంగి కనిపించారు. బాధితుల్లో మగపిల్లలు ఎక్కువ. వెన్నెముక మామూలు కంటే గట్టిపడితే, కాళ్ల ఎముకలు పలచబడ్డాయి.

ఫ్లోరైడ్ ఎముకలోని లవణంలో చేరి దాని గుణాన్ని మారుస్తుంది. ఎముక గట్టిగా కనిపిస్తుంది గానీ పెళుసుబారుతుంది. అదే సమయంలో కొత్త ఎముక తయారీ పెరిగి కాల్షియం అవసరం ఎక్కువవుతుంది. తిండిలో అది దొరకని బిడ్డలో శరీరం పాత ఎముకను కరిగించి వాడుకుంటుంది. ఎదిగే ఎముక ఫ్లోరైడ్‌ను త్వరగా పీల్చుకుంటుంది, పైగా తిండిలో కాల్షియం చాలదు గనుక పేద ఇళ్ల పిల్లలకే ఎక్కువ దెబ్బ తగిలింది. నాగార్జునసాగర్ నీరు వచ్చాక భూగర్భ జలం పైకి లేచి, నేలలో క్షారం పెరిగి, జొన్నల్లో మాలిబ్డినం ఎక్కువై, శరీరంలోని రాగి లోహాన్ని తగ్గించడమూ ఈ వంపుకు ఒక కారణమన్న వాదనను కూడా పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే ముందుకు తెచ్చారు. జొన్నరొట్టె మానాలని దీని అర్థం కాదు. ఫ్లోరైడ్ లేని నీటితో తింటే జొన్న మంచి తిండే.

భారత ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకుండా ఉండాలి. వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. నీటిని కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై పోయిన కొద్దీ మిగిలిన దానిలో చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించింది. ప్రపంచమంతటా దాన్ని నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తారు. నదుల నీటిని శుద్ధి చేసి ఇంటింటికీ కుళాయిల్లో అందించే మిషన్ భగీరథకు తెలంగాణ ప్రభుత్వం 2015లో చౌటుప్పల్ దగ్గర పైలాన్ నిలిపింది. అప్పట్లో నల్గొండ జిల్లాలో ఉన్న ఫ్లోరైడ్ పీడిత ప్రాంతం అది.

నల్గొండ నేల అడుగున గ్రానైట్ రాయి. మంచిర్యాల వైపు శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గు గనులు ఉన్నవి గోండ్వానా ఇసుకరాతి పొరల్లో. రాయి మారితే నీరూ మారుతుంది, ఒకే ఊళ్లో బోరుకూ బోరుకూ తేడా రావచ్చు. అందుకని కుళాయి నీరు వదిలి బోరింగు నీళ్లు తాగే ఇళ్లు ఒకసారి పరీక్ష చేయించుకోవడం మేలు. శాశ్వత పళ్ల మీద తెల్లని, గోధుమ రంగు చారలు ఎముకల కంటే ముందే హెచ్చరిస్తాయి.

మిగతా కారణాలు, చికిత్స

వంపులన్నీ తిండి, నీళ్ల వల్లనే రావు. మూత్రంలో భాస్వరం పోయే వంశపారంపర్య రికెట్స్ మామూలు డి విటమిన్‌కు లొంగదు. మూత్రపిండాల జబ్బు కూడా ఎముకను మెత్తబరుస్తుంది. త్వరగా నడిచిన, బరువు ఎక్కువగా ఉన్న పిల్లల్లో మోకాలి కింద లోపలి పక్క ఎదుగుదల ఆగి వచ్చే వంపును బ్లౌంట్ వ్యాధి అంటారు. ఎదుగుదల పొరకు దెబ్బ తగిలినా, చీము పట్టినా ఒక కాలు మాత్రమే వంగుతుంది. జ్వరంతో పాటు బిడ్డ కాలు కదపలేకపోతే, అడుగు వేయలేకపోతే అది కీలులో చీము కావచ్చు. వంపుల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ఈ బిడ్డను మాత్రం ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సాధారణ రికెట్స్‌కు డి విటమిన్, కాల్షియం కలిపి ఇస్తే కొన్ని వారాల్లోనే ఎక్స్‌రేలో మార్పు కనిపిస్తుంది. చిన్న పిల్లల్లో ఏడాది రెండేళ్లలో చాలా వరకు కాళ్లు తిన్నబడతాయి. మోతాదు మాత్రం వైద్యుడే చెప్పాలి. డి విటమిన్ మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. మందుతో పోని వంపుకు, ఎదుగుదల ఇంకా మిగిలి ఉండగా, ఎముక ఒక పక్కన ఎనిమిది అంకె ఆకారంలో చిన్న ప్లేటు బిగిస్తారు. ఆ పక్క పెరుగుదల తాత్కాలికంగా ఆగుతుంది, ఎదుటి పక్క పెరిగి కాలు తిన్నబడుతుంది. తర్వాత ప్లేటు తీసేస్తారు. ఆడపిల్లల్లో సుమారు పద్నాలుగేళ్లకు, మగపిల్లల్లో పదహారేళ్లకు ఎదుగుదల ముగుస్తుంది. ఆ తర్వాత మిగిలేది ఎముక కోసి సరిచేసే పెద్ద ఆపరేషనే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడుల్లో ఒకసారి పిల్లల్ని పరీక్షించాలి. అవి చూడవలసిన లోపాల్లో రికెట్స్, వంకర పాదం, తుంటి కీలు సరిగా ఏర్పడకపోవడం ఉన్నాయి. బొగ్గుబెల్ట్ వాళ్లకు దగ్గరగా మంచిర్యాలలో 2022 నవంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. చిక్కైన కేసులకు హైదరాబాద్‌లోని నిమ్స్, నీలోఫర్, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులు ఉన్నాయి.

రెండేళ్ల బిడ్డ కాళ్లు వంకరగా ఉంటే కొన్నాళ్లు ఆగి చూడవచ్చు. పన్నెండేళ్ల బిడ్డ విషయంలో ఆగిన ప్రతి ఏడాదీ చిన్న ప్లేటుతో పోయే వంపును పెద్ద ఆపరేషన్‌కు చేరువ చేస్తుంది.