రామానాయుడు - దాతృత్వం, కళాపోషణ

దగ్గుబాటి రామానాయుడు (జూన్ 6, 1936 - ఫిబ్రవరి 18, 2015) సుప్రసిద్ధ తెలుగు చలనచిత్ర నిర్మాత, స్టూడియో అధిపతి, లోక్‌సభ మాజీ సభ్యుడు. పూర్వపు ప్రకాశం జిల్లా (ప్రస్తుతం బాపట్ల జిల్లా) కారంచేడులో రైతు కుటుంబంలో జన్మించారు. 1964లో సురేష్ ప్రొడక్షన్స్ సంస్థను స్థాపించి, "రాముడు భీముడు" చిత్రంతో తొలి విజయాన్ని అందుకున్నారు. ఆ తరువాత వచ్చిన నష్టాల నుండి ఆయనను గట్టెక్కించినది "ప్రేమ్‌నగర్" (1971). 13 భాషలలో చిత్రాలు నిర్మించి, అత్యధిక చిత్రాల నిర్మాతగా 2008లో గిన్నిస్ పుస్తకంలో స్థానం పొందారు.

ఫిల్మ్ నగర్

తెలుగు చిత్ర పరిశ్రమ చాలావరకు మద్రాసులోనే ఉన్న రోజులలో, దానిని హైదరాబాదుకు రప్పించుటకు ప్రభుత్వం జూబ్లీహిల్స్ ప్రాంతపు రాతి గుట్టలపై స్థలాలు కేటాయించింది. రామానాయుడు స్టూడియో ఆ గుట్టలపైనే వెలసింది. ఇక్కడి కళాపోషణలో వ్యక్తుల ఔదార్యంతో పాటు ప్రభుత్వ భూమికి కూడా పాలు ఉన్నదని మరువరాదు. అయితే స్థలం పొందినవారందరూ స్టూడియోను నిలబెట్టి నడపలేదు, రామానాయుడు నడిపారు.

కళాపోషణ

ఆయన కళాపోషణ ప్రధానంగా కొత్తవారికి అవకాశమివ్వడంలో కనిపిస్తుంది. బి.గోపాల్ ("ప్రతిధ్వని", 1986), జయంత్ సి.పరాన్జీ ("ప్రేమించుకుందాం రా", 1997), తిరుపతిస్వామి ("గణేష్", 1998) దర్శకులుగా పరిచయమైనది ఈ సంస్థ ద్వారానే. కొత్త దర్శకునిపై పెట్టిన పెట్టుబడి తిరిగి రాకపోతే నష్టపోయేది నిర్మాతే కనుక, దీనిని కేవలం వ్యాపార వ్యూహమని కొట్టివేయడం సరికాదు. బెంగాలీలో ఋతుపర్ణ ఘోష్ దర్శకత్వంలో నిర్మించిన "అసుఖ్" (1999) ఉత్తమ బెంగాలీ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. వసూళ్ళను ఆశించి తీసే చిత్రం కాదది. 2008లో ఫిల్మ్ నగర్‌లోనే రామానాయుడు ఫిల్మ్ స్కూల్ ప్రారంభమైంది.

సేవా కార్యక్రమాలు

రామానాయుడు చారిటబుల్ ట్రస్టు ద్వారా దానధర్మాలు చేశారు. పూర్వపు మెదక్ జిల్లాలో ఆయన పేరిట ఉన్న విజ్ఞానజ్యోతి గ్రామీణాభివృద్ధి సంస్థ పల్లెటూరి యువతకు వ్యవసాయ, అనుబంధ వృత్తులలో శిక్షణనిస్తుంది. సినీ ప్రముఖుని పేరు నగరానికి దూరంగా ఇటువంటి సంస్థకు ఉండడం విశేషమే. (సినీ కార్మికుల గృహవసతి విషయంలో మాత్రం ముందుగా చెప్పుకోవలసినది నటుడు ఎం.ప్రభాకరరెడ్డిని, మణికొండలో ఆయన ఇచ్చిన భూమితో మొదలైనదే చిత్రపురి కాలనీ.)

1999లో తెలుగుదేశం అభ్యర్థిగా బాపట్ల నుండి లోక్‌సభకు ఎన్నికైన రామానాయుడు 2004లో ఓడిపోయారు.

2009 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం, 2013లో పద్మభూషణ్ లభించాయి. 2015లో ఆయన అంత్యక్రియలు ఫిల్మ్ నగర్‌లోని రామానాయుడు స్టూడియో ఆవరణలోనే జరిగాయి.