సినిమా డిస్కులు – సేకరించడం, చూడడం, కాపాడుకోవడం

ఇప్పుడు సినిమా అంటే సెల్‌ఫోన్‌లో చూసేదే అయిపోయింది. కానీ ఓటీటీలో హక్కుల గడువు తీరితే ఆ సినిమా అక్కడి నుంచి మాయమవుతుంది. డిస్కు అలా కాదు. ఒకసారి కొంటే మన పెట్టెలోనే ఉంటుంది, సిగ్నల్ లేని రోజున కూడా పదిమందిమీ కలిసి చూడవచ్చు. కొత్తగా డిస్కులు సేకరించాలనుకునే వారి కోసం మాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందుగా రకాలు తెలుసుకుందాం. మూడు రకాలూ 12 సెంటీమీటర్ల వెడల్పుతో ఒకేలా కనిపిస్తాయి. 1993లో వచ్చిన వీసీడీలో సుమారు 74 నిమిషాల బొమ్మ పడుతుంది. అందుకే మన తెలుగు సినిమాలు రెండు మూడు డిస్కులుగా వచ్చేవి. 1996లో జపాన్‌లో మొదలైన డీవీడీలో 4.7 జీబీ, రెండు పొరలదైతే 8.5 జీబీ పడుతుంది. 2006లో వచ్చిన బ్లూ-రేలో పొరకు 25 జీబీ పడుతుంది. దాన్ని చదవడానికి వేరే లేజరు కావాలి కాబట్టి డీవీడీ ప్లేయరులో బ్లూ-రే రాదు. బ్లూ-రే ప్లేయరులో మాత్రం డీవీడీ వస్తుంది. చాలా డీవీడీ ప్లేయర్లలో వీసీడీ కూడా వస్తుంది.

కొనేముందు అట్ట వెనుక రీజియన్ గుర్తు చూడాలి. మన దేశానికి డీవీడీలో 5, బ్లూ-రేలో 'సి'. 'ఆల్' అని ఉంటే ఇబ్బంది లేదు.

మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. పాత డీవీడీ ప్లేయరు చాలు. దాని పసుపు, ఎరుపు, తెలుపు వైర్లకు కొత్త టీవీలో చోటు లేకపోతే, ఏవీని హెచ్‌డీఎంఐగా మార్చే చిన్న పెట్టె పెట్టుకోవాలి. కంప్యూటర్ ఉంటే యూఎస్‌బీ డీవీడీ డ్రైవు, ఉచితంగా దొరికే వీఎల్‌సీ సరిపోతాయి.

డిస్కును అంచులతోనే పట్టుకోవాలి. తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు నిటారుగా తుడవాలి, గుండ్రంగా తుడవకూడదు. సమాచారం గుండ్రటి దారిలో ఉంటుంది. ఆ దారికి అడ్డంగా పడిన చిన్న గీతను ప్లేయరు సరిదిద్దుకోగలదు. దారి వెంబడే పడితే కష్టం.

చివరగా ఒక ముఖ్యమైన మాట. మనం రికార్డు చేయించుకున్న డిస్కుల్లో ఒక రంగు పొర ఉంటుంది. ఎండకు, వేడికి అది చెడిపోతుంది. కొన్న సినిమా పోతే మళ్ళీ ఎక్కడో దొరకవచ్చు. కానీ మన హాస్టల్ వార్షికోత్సవంలో అన్నలు వేసిన నాటకం ఇంకెక్కడ దొరుకుతుంది? అందుకే పూర్వ విద్యార్థులైన అన్నలకు మా మనవి. మీ ట్రంకుపెట్టెలు ఒకసారి వెతకండి. అలాంటి డిస్కు దొరికితే ముందు కంప్యూటర్‌లోకి ఎక్కించి, రెండు చోట్ల దాచండి. ఒక ప్రతి మన హాస్టల్‌కు ఇవ్వండి. మీ తర్వాత వచ్చిన తమ్ముళ్ళం మిమ్మల్ని చూసి గర్వపడతాం.