శిక్షణలో ఉన్న కొడుక్కి ఇంటి ఉత్తరం

సైన్యంలో కొత్తగా చేరిన కుర్రవాణ్ణి హిందీలో 'రంగ్‌రూట్' అంటారు. ఇంగ్లీషువారి 'రిక్రూట్' అనే మాట బారకులలో నలిగి నలిగి ఆ రూపం దాల్చింది. మాట నలిగినట్లే మనిషీ అక్కడ కొన్ని నెలలపాటు నలుగుతాడు. తెల్లవారకముందే బూరా మ్రోగుతుంది. వ్యాయామం, డ్రిల్లు, ఆయుధాల శిక్షణ, తరగతులు, సాయంత్రం ఆటలు, రాత్రి హాజరు. ఈ వరుసలో తనదంటూ మిగిలే సమయం చాలా తక్కువ. ఆ కాస్త సమయంలోనే ఇంటి మీద బెంగ వచ్చి కూర్చుంటుంది.

తెలుగు యువకులలో కొందరికి ఈ శిక్షణ సొంతగడ్డ మీదనే లభిస్తుంది. గోల్కొండలో ఆర్టిలరీ కేంద్రం, సికింద్రాబాదులో ఈ.ఎం.ఈ., ఆర్డినెన్సు దళాల కేంద్రాలు ఉన్నాయి. మరికొందరు బెంగుళూరులోని మద్రాసు ఇంజనీర్ల కేంద్రానికో, నీలగిరులలో వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాసు రెజిమెంటు కేంద్రానికో వెళ్తారు. గోదావరి లంకలలో పెరిగినవానికి నీలగిరి చలి కొత్త, చుట్టూ వినబడే భాష కొత్త, 'ఉస్తాద్' అని పిలిపించుకునే శిక్షకుని కేక మరీ కొత్త. దగ్గరి కేంద్రంలో చేరినవాడు అదృష్టవంతుడని అనుకోవడానికీ వీలులేదు. లంగరుహౌస్‌లో మేనమామ కాపురమున్నా, గోల్కొండ ఆవరణలో ఉన్న రంగ్‌రూట్‌కు ఆ ఇల్లు కాశీ అంత దూరమే.

ఇంటింటికీ సెల్‌ఫోను వచ్చిన ఈ కాలంలో ఇంకా ఉత్తరమేమిటని కొందరికి తోచవచ్చు. శిక్షణ కేంద్రాలలో ఫోను వాడకానికి కట్టుబాట్లుంటాయి. దొరికిన నాలుగు నిమిషాలలోనూ మాట పెగలదు. తల్లి గొంతు వినగానే కొడుక్కి దుఃఖం, కొడుకు గొంతు వినగానే తల్లికి దుఃఖం. "తిన్నావా?" "తిన్నాను" అనుకునేసరికి వెనుక మరొకడు తన వంతు కోసం తొందరపెడుతూ ఉంటాడు. ఉత్తరానికి ఆ తొందర లేదు. ఈ రోజు సగం చదివి దిండు క్రింద పెట్టుకోవచ్చు. ఉస్తాద్ చేత చీవాట్లు తిన్న రోజున మళ్ళీ తీసి చదువుకోవచ్చు.

అయితే ఉత్తరమన్నది ఎలా వ్రాసినా మేలే చేస్తుందా? అక్కడే అసలు చిక్కు ఉన్నది.

తెలుగు ఉత్తరానికి ఒక పాత పద్ధతి ఉన్నది. పైన 'శ్రీరామ', చిన్నవారికైతే 'చిరంజీవి', పెద్దవారికైతే 'మహారాజశ్రీ', ఆ పిమ్మట 'ఉభయకుశలోపరి'. ఇక్కడ మేము, అక్కడ మీరు క్షేమమని చెప్పుకున్న తరువాతనే తక్కిన సంగతులు. శుభవార్తకు కాగితం మూలలలో పసుపు పూస్తారు. చావుకబురు తెచ్చిన ఉత్తరాన్ని చదివిన వెంటనే చించివేస్తారు. పద్ధతి చక్కనిదే. కాని సైన్యంలో బిడ్డ ఉన్న ఇంటిలో ఆ 'క్షేమం' అనే మాట తరచు తెరచాటుగా మారుతుంది. బూట్లు కరచి పుండ్లు పడిన సంగతి కొడుకు వ్రాయడు. తండ్రికి నెల రోజులుగా తగ్గని దగ్గు సంగతి తల్లి వ్రాయదు. చెల్లెలి పెళ్ళి చూపులు చెడిపోయిన సంగతి ఎవ్వరూ వ్రాయరు. ఇరువైపులా క్షేమమే! బిడ్డ బెంగపడకూడదన్న ప్రేమతోనే ఇదంతా జరుగుతుంది.

కాని రంగ్‌రూట్‌కు తీరిక తక్కువ, ఊహ ఎక్కువ. వరుసగా రెండు ఉత్తరాలలో తండ్రి మాట కనబడకపోతే, మూడవది వచ్చేలోగా ఆయనను ఆసుపత్రిలో చేర్చివేస్తాడు. నిజం కంటె ఊహ ఎప్పుడూ రెండాకులు ఎక్కువే చదువుకుంటుంది.

ఇంటి కబురు కోసం సిపాయిలు పడే ఆరాటానికి మొదటి ప్రపంచ యుద్ధం నాటి సాక్ష్యం మిగిలి ఉన్నది. 1914 సెప్టెంబరు చివర భారత సైన్యం ఫ్రాన్సులోని మార్సెయి రేవులో దిగింది. ఆ సిపాయిల ఉత్తరాలను, వారికి వచ్చే ఉత్తరాలను పరిశీలించడానికి బ్రిటిషు ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక సెన్సారు కార్యాలయం పెట్టింది. ఆ కార్యాలయం అనువదించి నివేదికలలో చేర్చిన ఉత్తరాలు లండనులో భద్రంగా ఉన్నాయి. డేవిడ్ ఓమిస్సీ అనే చరిత్రకారుడు వాటిలో కొన్నింటిని ఎంచి 1999లో గ్రంథంగా వెలువరించాడు. వ్రాసినవారిలో ఎక్కువమంది పంజాబు ప్రాంతంవారు. అనేకులకు అక్షరజ్ఞానం లేదు, తోటివాని చేత వ్రాయించినవారే. సెన్సారు కన్ను కప్పడానికి భారతీయ సైనికులను నల్ల మిరియాలనీ, తెల్ల సైనికులను ఎర్ర మిరపకాయలనీ పేర్కొన్నారు. ఫిరంగుల మధ్య కూర్చుని వారు పంట గురించి, పశువుల గురించి, పెళ్ళిళ్ళ గురించి, భూమి తగాదాల గురించి అడిగారు. ఇల్లు తనను విడిచి ముందుకు సాగిపోవడం లేదన్న ధైర్యమే వారికి కావలసింది.

మన ప్రాంతంలోనూ అటువంటి ఊళ్ళున్నాయి. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుండి రెండు ప్రపంచ యుద్ధాలకూ యువకులు తరలివెళ్ళారు. ఆ ఊరికి 'మిలిటరీ మాధవరం' అన్న పేరు స్థిరపడింది. చదువు అంతగా లేని రోజులలో పల్లెకు వచ్చిన ఉత్తరాన్ని పోస్టుమానో, బడిపంతులుగారో అరుగుమీద కూర్చుని బిగ్గరగా చదివేవారు. బదులు కూడా వారి చేతనే వ్రాయించాలి. క్రొత్తగా కాపురానికి వచ్చిన కోడలు, అత్తమామల ఎదుట, పరాయి మగవాని చేత భర్తకు ఏమని వ్రాయించగలదు? "నేను కూడా క్షేమం" అన్నదే ఆమె వాటా. ఈనాటి భార్యకు స్వహస్తంతో వ్రాసుకునే భాగ్యం ఉన్నది. దానిని ఆమె వాట్సాప్‌కు ఎలా వదలివేసిందో అన్నది వేరే కథ.

కష్టం కలిగినప్పుడు ఏమి వ్రాయాలి? దాచకుండా, కాని చేసిన పని కూడా జోడించి వ్రాయాలి. "నాన్నకు ఒంట్లో బాగాలేదు" అని ఊరుకుంటే కుర్రవాడు నిద్రపోడు. "నాన్నకు జ్వరం వచ్చింది, మంగళవారం తాడేపల్లిగూడెం తీసుకువెళ్ళి చూపించాము, ఇప్పుడు లేచి తిరుగుతున్నారు, పొలానికి చిన్నాన్న వెళ్తున్నాడు" అంటే నిశ్చింతగా పడుకుంటాడు. భూమి తగాదా వంటిదైతే ఆ బరువు శిక్షణలో ఉన్న కుర్రవాని నెత్తిన పెట్టడం కంటె, ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం గడప తొక్కడం మేలు. సైనిక కుటుంబాల గోడు వినడం ఆ కార్యాలయం విధులలో ఒకటి.

ఒకప్పుడు ఇళ్ళవారు పట్టిన అడ్డదారి టెలిగ్రాం. "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అన్న నాలుగు మాటలు దేశమంతటా సెలవు చీటీలై తిరిగాయి. ఫలితంగా, నిజంగా తండ్రి మంచం పట్టినవాని టెలిగ్రాం చూసినా అధికారికి అనుమానమే కలిగేది. 2013 జూలైలో టెలిగ్రాం సేవ ముగిసింది. ఆ ఎత్తుగడ మాత్రం ఫోనులోకి మారింది.

అన్నిటికంటె ప్రమాదకరమైన ఉత్తరం వేరే ఉన్నది. మొదటి వారాలలో కుర్రవాడు "ఇక నా వల్ల కాదు" అని వ్రాస్తాడు. చాలామంది వ్రాస్తారు. దానికి "వచ్చేయి నాయనా" అని బదులు వ్రాసే ముందు తల్లి ఒక రాత్రి ఆగడం మంచిది. ఆ ఉత్తరం అతనికి చేరేసరికి అతని బెంగ సగం తీరి ఉండవచ్చు. అమ్మ మాట దాన్ని మళ్ళీ రగిలిస్తుంది. "మగవాడివి కాదూ!" అని గద్దించే తండ్రి ఉత్తరం కూడా అంతే చెడ్డది. దాని తరువాత కుర్రవాడు నిజం వ్రాయడం మానేస్తాడు. ఏది కష్టంగా ఉన్నది, పరుగా, తిండా, తోటివారా అని అడిగిన ఉత్తరానికే సరైన జవాబు వస్తుంది. 2022లో అగ్నిపథ్ పథకం వచ్చిన తరువాత నాలుగేళ్ళ సేవాకాలంలోనే శిక్షణ కూడా ఇమిడి ఉంటుంది. ఆ నాలుగేళ్ళ పిదప ఏమవుతుందన్న దిగులు ఇంటివారికి సహజమే. ఆ దిగులును మొదటి నెల ఉత్తరంలోనే కుమ్మరించడం మాత్రం తొందరపాటు.

నీతివాక్యాలతో నింపిన నాలుగు పుటల కంటె, చూరులో పిచ్చుక గూడు పెట్టిందనీ, గేదె ఈనిందనీ, జున్ను వాని వాటా చెల్లెలు తినివేసిందనీ చెప్పే అరపుట విలువైనది. నెలకొక పెద్ద ఉత్తరం కంటె, వారం తప్పక వచ్చే చిన్న ఉత్తరం మేలు. చిరునామాలో పేరుతోపాటు సైనిక సంఖ్య, కంపెనీ, ప్లాటూను తప్పక ఉండాలి. ఒకే కేంద్రంలో ఇద్దరు శ్రీనివాసరావులుంటే, సంఖ్య లేని ఉత్తరం మొదట ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేము.

శిక్షణ పూర్తయ్యాక 'కసం పరేడ్' జరుగుతుంది. కొత్త సైనికులు ప్రమాణం చేస్తారు. పలు కేంద్రాలలో ఆ రోజున తల్లిదండ్రులకు గౌరవ పదకం అందజేస్తారు. అటుపిమ్మట అతడు ఏ సరిహద్దుకో వెళ్ళితే చిరునామాలో ఊరి పేరు మాయమవుతుంది. సంఖ్య, పేరు, యూనిటు, దాని క్రింద '56 ఏ.పి.ఓ.' లేక '99 ఏ.పి.ఓ.' అని మాత్రమే ఉంటుంది. పిన్ కోడు తొమ్మిదితో మొదలవుతుంది. 56 వారి ఉత్తరాలు న్యూఢిల్లీకి, 99 వారివి కలకత్తాకు చేరుతాయి. ఏ యూనిటు ఎక్కడ ఉన్నదీ అక్కడి సైనిక తపాలా సిబ్బందికి తెలుసు. వారు వేరుచేసి పంపుతారు. రాజస్థాన్ ఇసుకలోనో, లడఖ్ మంచులోనో ఉత్తరం అతనికి అందుతుంది.

"ఎక్కడున్నావు నాయనా?" అని తల్లి వ్రాస్తే బదులులో ఊరి పేరు రాదు. ఇక్కడ చలి ఎక్కువనో, ఎండ ఎక్కువనో వస్తుంది. దానిని బట్టి ఆమె ఉన్ని స్వెట్టరు అల్లించాలో, ఆవకాయతో సరిపెట్టాలో నిర్ణయించుకుంటుంది.