ఇరుసు చుట్టునున్న ఇరుకు సందు

జనగామ, మహబూబాబాదు ప్రాంతములలో వ్యవసాయపు బావివద్ద నడుచు పాతరకపు మోటారు పంపును పరిశీలించినచో, ఇరుసు పంపులోనికి ప్రవేశించు చోట నీరు చుక్కలు చుక్కలుగా కారుచుండును. నీరు వృథా అగుచున్నదని తలచి గ్లాండు నట్లను గట్టిగా బిగించినచో చుక్కలు ఆగును. కాని కొంతసేపటికే గ్లాండు వేడెక్కును. ఇరుసుపై గీతలు పడును. పిమ్మట నీరు మునుపటికంటె ఎక్కువగా కారును. దీనికి కారణమేమి?

తిరుగు యంత్రము లన్నిటికిని ఈ చిక్కు కలదు. కేసింగు కదలదు; ఇరుసు తిరుగును. ఇరుసు స్వేచ్ఛగా తిరుగవలెనన్న దాని చుట్టు కొంత సందు ఉండవలెను. సందున్నచో పీడనము ఎక్కువగా నున్న చోటినుండి తక్కువగా నున్న చోటికి ద్రవము గాని ఆవిరి గాని పోవును. ఈ సందును కాచు భాగమే సీలు.

పాతరకపు పంపులలో గ్రీజు లేక గ్రాఫైటు పట్టించిన అల్లిక తాడును ఇరుసు చుట్టు ఉంగరములుగా పేర్చి బిగింతురు. తాడు ఇరుసును ఒరయుచుండును గనుక వేడి పుట్టును. కారు చుక్కలే ఆ వేడిని తీసికొనిపోవును; కందెనగా కూడ పనిచేయును. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకొందము. నిమిషమునకు 60 చుక్కలు కారినచో గంటకు పోవునది 180 మిల్లీలీటర్లు, అనగా ఒక గ్లాసెడు నీరు మాత్రమే! ఇరుసును కాపాడుకొనుటకు ఇది స్వల్పమైన వెల.

పెక్కు మోనోబ్లాకు పంపులలో తాడునకు బదులు మెకానికల్ సీలు ఉండును. ఇందు నున్నగా సానపట్టిన రెండు బిళ్ళలు ఒకదాని నొకటి ఆనుకొని యుండును. ఒకటి ఇరుసుతో తిరుగును; రెండవది కదలదు. వాని నడుమ వెంట్రుకకంటె పలుచని నీటిపొర నిలుచును. నీరు లేకుండ పంపును నడిపినచో ఆ పొర ఆరి బిళ్ళలు చెడును.

ఇక వేగము, వేడి మిక్కిలి హెచ్చైన చోట ఏమి చేయవలెను? భూపాలపల్లి సమీపమున చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రమున 500, 600 మెగావాట్ల యూనిట్లు కలవు. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది గనుక, ఇట్టి టర్బైను ఇరుసు నిమిషమునకు 3000 సార్లు తిరుగును. అచట తాడు నిలువదు. కావున ఇరుసును తాకని పలుచని లోహపు అంచులను వరుసగా అమర్తురు. ఇది లాబిరింత్ సీలు. పద్మవ్యూహమున చొచ్చిన వీరుడు వలయము వలయమునకు బలము కోల్పోయినట్లు, ఆవిరి ప్రతి అంచును దాటి ఎదుటి గదిలో సుడులు తిరిగి పీడనమును కోల్పోవును. చివరకు పోవునది కొంచెమే.

సందు తగ్గినకొలది కారుట తగ్గును. అట్లని మరీ తగ్గింపరాదు. అంచు ఇరుసును తాకినచో, తాకిన పక్క వేడెక్కి వ్యాకోచించును, ఇరుసు ఆ పక్కకే వంగును, రాపిడి ఇంకను హెచ్చును, యంత్రము కంపించును.

తాకకున్నను కంపనము పుట్టవచ్చును. ఇరుసుతోపాటు సందులోని ఆవిరియు సుడి తిరుగుచు, కొద్దిగా పక్కకు జరిగిన ఇరుసును తిరుగు దిశలోనికి నెట్టును. అప్పుడు ఇరుసు ఒరిగిన బొంగరమువలె చుట్టి రాసాగును. 1976లో అమెరికా అంతరిక్ష షటిల్ ఇంజనులోని హైడ్రోజన్ పంపు పరీక్షలలో ఇట్టి ఊపు బయటపడెను. సీళ్ళ ఆకృతిని మార్చుట దాని నివారణలలో ఒకటి. సీలు ముఖమున చిన్న రేకులను అడ్డుగా నిలిపి సుడిని ఆపుటయు కలదు.

అదే సందు మేలును చేయగలదు. పంపులో ఇంపెల్లరు చుట్టునున్న ఉంగరపు సందున, ఇరుసు ఒక పక్కకు జరిగినచో వెడల్పైన వైపు నీరు వేగముగా చొచ్చి, ప్రవేశమువద్దనే ఎక్కువ పీడనమును కోల్పోవును. ఇరుకైన వైపు పీడనము హెచ్చుగా నిలిచి ఇరుసును మధ్యకు నెట్టును. ఉంగరము అరిగినచో ఈ ఆసరా పోవును. కారుటయు, కంపించుటయు కలిసి హెచ్చును.

కనుక సీలు మాటిమాటికి చెడుచున్నచో సీలును మాత్రమే మార్చిన చాలదు. ఇరుసు వంగినదా, బేరింగు అరిగినదా, మోటారు పంపు ఒకే వరుసలో నున్నవా అని చూడవలెను. గ్లాండు చుక్కలను లెక్కించుట ఏ విద్యార్థియైనను చేయగల పరీక్ష. వాని సంఖ్య దినదినమునకు పెరుగుచున్నచో, నట్టును బిగించుటకు ముందు ఇరుసును పరీక్షింపవలెను.