కాడ్మియం లేని ఎరుపు

చంటిపిల్లలు చేతికందిన ఎర్ర బొమ్మను ముందు నోట్లోనే పెట్టుకుంటారు. ఆ ఎరుపు దేనితో వచ్చిందని చాలామంది తల్లులు అడుగుతుంటారు కనుక ఈసారి దాని గురించే రాస్తున్నాము.

వేడికీ ఎండకీ వెలిసిపోని ఎరుపు కోసం ప్లాస్టిక్ పరిశ్రమ చాలాకాలం కాడ్మియం, గంధకం, సెలీనియం కలిసిన రంగుపొడిని వాడింది. ఆ పొడి నీటిలో సులువుగా కరగదు. అయినా తయారీలో లేచే ధూళి ద్వారా, పాత ప్లాస్టిక్‌ను కాల్చినప్పుడు వచ్చే పొగ ద్వారా కాడ్మియం మనిషిని చేరుతుంది. చేరిందంటే మూత్రపిండాల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. జపాన్‌లో గని వ్యర్థాలు కలిసిన జింజూ నది నీటితో వరి పండించుకుని తిన్నవారికి మూత్రపిండాలు చెడి, ఎముకలు పెళుసుబారి విరిగాయి. ఆ జబ్బుకు కాడ్మియమే కారణమని అక్కడి ప్రభుత్వం 1968లో ప్రకటించింది. జబ్బు పేరు 'ఇటాయ్ ఇటాయ్', అంటే 'నొప్పి, నొప్పి'. అది రంగు వల్ల వచ్చింది కాదు, కానీ లోహం అదే.

దీనికి బదులుగా 1990లలో ఫ్రాన్స్‌లోని రోన్-పూలాంక్ కంపెనీ సీరియం సల్ఫైడు ఎరుపును మార్కెట్లోకి తెచ్చింది. సీరియం విరళ మృత్తిక లోహం. పేరుకే విరళం, భూమి పైపొరలో ఇంచుమించు రాగి ఉన్నంత ఉంది. సిగరెట్ లైటరు చెకుముకి రాయిలోనూ, మన శ్రీకాకుళం, భీమిలి తీరాల ఇసుకలోని మోనజైటులోనూ ఉన్నది ఇదే.

చిక్కు ఎక్కడంటే, ఈ సల్ఫైడుకు మూడు రూపాలున్నాయి. చక్కని ఎరుపు గామా రూపానికే. అది ఏర్పడాలంటే వెయ్యి డిగ్రీలు దాటిన వేడి కావాలి. కొద్దిగా సోడియం కలిపితే అంతకన్నా తక్కువ వేడిలోనే ఏర్పడి నిలుస్తుందని కనుగొన్నారు. రెండో చిక్కు మాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. తేమ, ఆమ్లం తగిలితే ఈ పొడి నుంచి కుళ్లిన గుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడు వెలువడుతుంది. అది విషవాయువు. అందుకని రేణువుల పైభాగాన్ని ఫ్లోరిన్‌తో శుద్ధి చేయడం, సిలికా వంటి పొర తొడగడం చేస్తున్నారు. 'సురక్షితం' అన్న మాటకు ఇక్కడ అర్థం కాడ్మియం, సీసం లేవని మాత్రమే. ఇది తినే రంగు కాదు.

కంటితో చూసి ఏ ఎరుపు ఏదో చెప్పలేము. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం పది లక్షల భాగాల్లో 90 మించరాదన్న నియమం 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు రంగు వేసిన బొమ్మలు, ఉయ్యాలలు పెచ్చులూడుతుంటే పిల్లలకు ఇవ్వకండి. విరిగిన ప్లాస్టిక్ బొమ్మలను పొయ్యిలో వేయకండి.